మ్యూజియానికి రెండోసారి ఎందుకు వెళ్ళాలి?

మన జిల్లాల్లో ఉన్న మ్యూజియాలకూ చిత్రశాలలకూ చాలామంది జీవితంలో రెండే సందర్భాల్లో వెళతారు. బడిలో చదివే రోజుల్లో మాస్టారి వెనక వరుసలో నడిచి ఒకసారి, ఆ తరువాత ఎప్పుడో ఊరికి చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ళకు ఏదో ఒకటి చూపించాలి కాబట్టి ఇంకోసారి. ఈ రెండింటి మధ్య ఎన్నేళ్ళు గడిచినా గోడ మీద బొమ్మ అక్కడే ఉంటుంది, దాని కింద అంటించిన చీటీ కూడా అదే ఉంటుంది. ఇలా ఎందుకు జరుగుతోందని అడిగితే జనానికి కళల మీద ఆసక్తి లేదనే జవాబు సిద్ధంగా ఉంటుంది. నేను ఆ మాట ఒప్పుకోను. ఏమీ మారని చోటికి మళ్ళీ రాలేదని ఎవరినీ తప్పు పట్టలేం. ప్రాంతీయ మ్యూజియంలో కొత్త ప్రదర్శనలు క్రమం తప్పకుండా జరగాలనీ, అవి బయటి నుంచి అరువు తెచ్చుకున్నవి కాక చాలావరకు దాని సొంత గిడ్డంగిలోంచి తీసినవై ఉండాలనీ, అలా మార్చడం హంగు కోసం కాదు, ఆ బొమ్మల ఆయుష్షు కోసమే అవసరమనీ ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం మనవాళ్ళకు తెలియని పనేమీ కాదు. దసరా నవరాత్రుల్లో బెజవాడ ఇంద్రకీలాద్రి మీద ఉండేది ఎప్పుడూ ఉండే అమ్మవారే, గర్భగుడీ అదే. అయినా అలంకారం రోజుకొకటి మారుతుంది కాబట్టి, ముందు రోజుల్లో దర్శనం చేసుకున్నవారు కూడా మూలా నక్షత్రం నాడు సరస్వతీ దేవి అలంకారం చూడడానికి మళ్ళీ క్యూలో నిలబడతారు. ఏ రోజు ఏది కనిపిస్తుందో ముందే తెలుసు, ఆ రోజు దాటితే అది ఉండదనీ తెలుసు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలున్నాయి, రాతిలో చెక్కిన పల్చటి మేలిముసుగు వెనక నుంచి ముఖం కనిపించే రెబెక్కా విగ్రహం ఉంది, ఒక్క రోజులో చూసి ముగించలేనంత సామగ్రి ఉంది. అయినా గంట కొట్టే వేళకు జనమంతా చేరేది కుక్ అండ్ కెల్వీ వారి గడియారం ముందే. లోపలి నుంచి గడ్డపు బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంట కొట్టి మళ్ళీ లోపలికి పోవడం కోసం పిల్లలూ పెద్దలూ ముందుగానే వచ్చి చోటు చూసుకుని ఎదురుచూస్తారు. (నేను వెళ్ళినప్పుడల్లా ఆ గుంపులో నేనూ ఉంటాను.) ఒక వేళకు ఒకటి జరుగుతుందని తెలిస్తే జనం వస్తారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అయితే జనాకర్షణ ఒక్కటే కారణమైతే ఈ వాదన బలహీనంగానే ఉండేది. అసలు కారణం వెలుతురు. కాగితం మీద వేసిన నీటిరంగు బొమ్మలు, పెన్సిల్ స్కెచ్‌లు, పాత ఫొటోలు, అద్దకం బట్టలు వెలుతురు పడినకొద్దీ వెలిసిపోతాయి, ఆ వెలిసినది మళ్ళీ తిరిగి రాదు. నీటిరంగుల మీద వెలుతురు ప్రభావం గురించి ఇంగ్లండులో రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1888లోనే ప్రయోగాలు చేసి నివేదిక ఇచ్చారు. నేడు ప్రపంచవ్యాప్తంగా మ్యూజియాలు పాటించే లెక్క ప్రకారం ఇలాంటి కాగితపు బొమ్మల మీద 50 లక్సులకు (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పడకూడదు, తైలవర్ణ చిత్రాలైతే 150 నుంచి 200 దాకా తట్టుకుంటాయి. వెలుతురు చేసే హాని ఎప్పటికప్పుడు చెరిగిపోకుండా పోగుపడుతుంది. కిటికీ పక్కన 2,000 లక్సుల వెలుతురులో ఒక గంట ఉన్న బొమ్మ, 50 లక్సుల గదిలో 40 గంటలు ఉన్నదానితో సమానంగా దెబ్బతింటుంది. రోజుకు 8 గంటలు తెరిచి ఉంచే మ్యూజియంలో అది 5 రోజుల పెట్టు. మన ఊళ్ళ ఎండకు 2,000 లక్సులు పెద్ద అంకె కాదు.

ఇందువల్ల బొమ్మలను బాగా చూసుకునే మ్యూజియాలు కాగితపు బొమ్మను కొన్ని నెలలు గోడకు ఉంచి, ఆ తరువాత చీకటి పెట్టెలో చాలాకాలం విశ్రాంతి ఇస్తాయి. దింపడంలో ఇంకో మేలు కూడా ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వానాకాలమంతా గోడలు చెమ్మగిల్లుతుంటాయి. చట్రం వెనక బూజు పట్టిందో, కాగితాన్ని కొట్టే పురుగు చేరిందో బొమ్మను గోడ నుంచి దింపి వెనక్కి తిప్పినప్పుడే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచితే భద్రంగా ఉన్నట్టని మనం అనుకుంటాం కానీ, బొమ్మ విషయంలో అది ఎవరూ పట్టించుకోకుండా వదిలేయడమే అవుతుంది.

దీన్ని నాకు బాగా ఇష్టమైన చోటికి అన్వయించి చూస్తాను. రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరుతో ఒక చిత్రశాల ఉంది. రామారావు 1897లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలోని పనితనాన్ని గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపడానికి తోడ్పడ్డాడు. చదువు ముగించుకున్నాక రామారావు బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడకుండా సొంత ఊరికి వచ్చి చిత్రకళాశాల పెట్టి, తన చుట్టూ కొంతమంది యువకులను చేర్చుకున్నాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, 28 ఏళ్ళు కూడా నిండకుండా పోయాడు. శిష్యుడూ మిత్రుడూ అయిన వరదా వెంకటరత్నం వంటివారు ఆయన పనిని కాపాడి, ఆ కళాశాల సంప్రదాయాన్ని ముందుకు నడిపించకపోతే ఈనాడు మనకు ఆ పేరు మాత్రమే మిగిలేది.

‘సిద్ధార్థ రాగోదయం’, ‘ఋష్యశృంగ బంధనం’, ‘పుష్పాలంకరణ’, ‘కార్తీక పౌర్ణమి’ వంటి పేర్లు తెలుగు చిత్రకళ గురించి ఏ కాస్త చదివినవారికైనా తగులుతాయి. రామారావు అంటే మనకు ఈ పెద్ద బొమ్మలే. నన్ను పట్టి నిలబెట్టేవి మాత్రం చిన్న స్కెచ్‌లు. మనిషి నిలుచున్న తీరు, భుజం వాలు, చీర కుచ్చెళ్ళ బరువు ఎక్కడ పడుతుందో రెండు మూడు గీతల్లో పట్టుకున్న పెన్సిల్ పనిని చూస్తే, బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ పాఠం తెలుగు మనిషి ఒంటికి ఎలా కుదిరిందో తెలుస్తుంది. పూర్తి చేసిన బొమ్మలో ఆ కుదిర్చిన శ్రమ కనపడదు. ఒక పెద్ద చిత్రాన్నీ దానికి ముందు వేసుకున్న చిత్తు గీతల్నీ పక్కపక్కన పెట్టి మూడు నెలలు ఉంచితే, అది చూడడానికి హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళేవాళ్ళలో నేనొకణ్ణి.

ఆ తరువాతి మూడు నెలలకు ఇంకో అంశం. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. 1920లలో, ఆడపిల్ల చదువే చర్చగా ఉన్న కాలంలో, ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీలు కుంచె పట్టడం చిన్న విషయం కాదు. అయినా వాళ్ళ ప్రస్తావన ఎప్పుడూ రామారావు జీవితకథలో ఒక వాక్యంగానే వస్తుంది. వాళ్ళ పేరుతో ఒక గదిని కొన్నాళ్ళు కేటాయిస్తే ఆ వాక్యం ఒక కథగా మారుతుంది. కొత్త ప్రదర్శన అంటే కొత్తగా వేసిన బొమ్మలే కానక్కర్లేదు, పాత బొమ్మను కొత్త ప్రశ్నతో చూపించినా అది కొత్త ప్రదర్శనే.

మూడోది ఇంకా ఇష్టమైనది. రాజమండ్రిలో రామారావు బొంబాయి పద్ధతిలో బొమ్మలు వేస్తున్న కాలంలోనే, మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాలు పద్ధతి నేర్పుతున్నాడు. ఒకరిది ఎదుటి మనిషిని కూర్చోబెట్టి చూసి వేసే పద్ధతి, మరొకరిది పురాణ స్మృతిలోంచీ మంచు తెరలాంటి రంగులోంచీ రూపాన్ని రప్పించే పద్ధతి. అడివి బాపిరాజు ఈ రెండు చోట్లకూ చెందినవాడు. రాజమండ్రిలో కూల్డ్రే దగ్గర చదువుకున్నాడు, బందరులో చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నాడు. ఈ రెండు ఊళ్ళ బొమ్మల్నీ ఎదురెదురు గోడల మీద పెట్టి, మధ్యలో బాపిరాజు వేసినదొకటి ఉంచితే, నూరేళ్ళ కిందట తెలుగునాట జరిగిన ఒక గొప్ప కళా వివాదం చూసేవారి కళ్ళ ముందు మళ్ళీ మొదలవుతుంది. నా మటుకు నేను రామారావు పక్షం. బెంగాలు పద్ధతిలో వేసిన తెలుగు బొమ్మల్లో చాలావాటిలో మనుషులకు బరువు ఉండదు. ఆ గది నా అభిప్రాయాన్ని మార్చగలిగితే సంతోషంగా మార్చుకుంటాను కానీ, అందుకు ముందు ఆ గది ఉండాలి కదా.

ఇక్కడ కొందరు, మన మ్యూజియాల్లో ప్రదర్శనలు జరుగుతూనే ఉన్నాయి కదా అని అడగవచ్చు. జరుగుతున్నాయి. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినోత్సవం, మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం వస్తాయి. ఆ రోజుల్లో చాలా చోట్ల హాలు మధ్యలో స్టాండ్లు వేసి, కోటల ఫొటోలూ గుళ్ళ ఫొటోలూ ఫ్లెక్సీల మీద ముద్రించి నిలబెడతారు. ఒక అధికారి వచ్చి రిబ్బను కత్తిరిస్తారు, జ్యోతి వెలిగిస్తారు, మర్నాడు జిల్లా ఎడిషన్లో ఫొటో వస్తుంది. మూడో రోజుకు స్టాండ్లు మెట్ల కిందికి చేరతాయి. ఆ ఫొటోలన్నీ ఫోనులో ఇంతకన్నా స్పష్టంగా దొరుకుతాయి. ఫ్లెక్సీ చూడడానికి మ్యూజియానికి వెళ్ళవలసిన పని లేదు, అసలు వస్తువు ఉన్న చోట నకలును నడిమధ్య నిలబెట్టడం ఆ వస్తువునే చిన్నబుచ్చడం. నగరాల్లో ఈ మధ్య ప్రొజెక్టర్లతో గోడలనిండా విదేశీ చిత్రాలను కదిలించి చూపించి టిక్కెట్టు వసూలు చేసే ప్రదర్శనల గురించి కూడా నాకున్న అభ్యంతరం ఇదే.

కోస్తాలోని ఒక చిన్న మ్యూజియంలో ఇలాంటి ఫ్లెక్సీల మధ్య తిరుగుతున్నప్పుడు అక్కడి అటెండరుతో మాట కలిసింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ గదుల్లోనే తిరుగుతున్న మనిషి. “ఇవి కాదండీ, లోపల బీరువాలో పాత బట్టల మీద వేసిన బొమ్మలున్నాయండి. నేనైతే రెండుసార్లు చూశానండి, దుమ్ము దులిపినప్పుడు” అన్నాడు. ఎందుకు బయట పెట్టరని అడిగితే, “పెట్టమని ఎవరూ అడగలేదండి” అన్నాడు. నిధుల గురించీ సిబ్బంది గురించీ ఆ తరువాత విన్న వివరణలన్నిటికంటే నాకు ఆ జవాబే ఎక్కువ నిజమనిపించింది. సందర్శకులు ఏం చూస్తే దానితో సరిపెట్టుకుంటారనే నమ్మకం మన మ్యూజియాలకు చాలాకాలంగా ఉంది, ఆ నమ్మకాన్ని మనమూ వమ్ము చేయలేదు.

అడిగేవాళ్ళుంటే ఏమవుతుందో జపానులోని నారా చూపిస్తుంది. అది టోక్యోలాంటి మహానగరం కాదు, పూర్వం రాజధానిగా ఉండి ఇప్పుడు జిల్లా కేంద్రంలా ఉన్న ఊరు. ఒకప్పుడు అక్కడి తోదాయిజీ ఆలయానికి చెందిన షోసోయిన్ అనే కొయ్య గిడ్డంగిలో శతాబ్దాల పాటు దాచి, ఇప్పుడు కొత్త భవనాల్లో భద్రపరిచిన 8వ శతాబ్దం నాటి వస్తువులు దాదాపు 9,000 ఉన్నాయి. షోము చక్రవర్తి 756లో చనిపోయినప్పుడు ఆయన రాణి కోమ్యో ఆయన వాడిన వస్తువులను బుద్ధుడికి సమర్పించడంతో ఆ సేకరణ మొదలైంది. ప్రతి శరత్తులో సీలు విప్పి వస్తువులను పరీక్షిస్తారు. 1946 నుంచి ఆ సందర్భంలోనే కొన్ని వస్తువులను ఎంచి నారా నేషనల్ మ్యూజియంలో రెండు వారాల పైచిలుకు ప్రదర్శిస్తున్నారు. 9,000లో ఏటా బయటికి వచ్చేవి ఇంచుమించు 60 మాత్రమే. ఒకసారి కనిపించిన వస్తువు మళ్ళీ కనిపించడానికి సాధారణంగా పదేళ్ళకు పైగా పడుతుంది. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి బారులు తీరతారు. ఇందులో నేను గమనించమని కోరేది ఒకటే. ఆ ప్రదర్శన సంరక్షణలోంచి పుట్టింది. వస్తువులను ఎలాగూ తీసి చూసుకోవాలి కాబట్టి, ఆ చూసుకునే పనినే జనానికి పండుగ చేశారు. వస్తువును దాచడం, చూపించడం అనే రెండు పనులూ ఒకదానికొకటి అడ్డమని మనవాళ్ళు అనుకుంటారు, నారాలో ఒకదాని వల్ల రెండోది సాధ్యమైంది.

మన వస్తువులకు అంత ఆకర్షణ లేదనే వాదన కూడా నిలవదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2023 జూలైలో తొలినాటి భారతీయ బౌద్ధ శిల్పంపై ఒక ప్రదర్శన తెరిచింది, నవంబరు దాకా అది నడిచింది. అందులో సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు ఉన్నాయి, అమరావతి, నాగార్జునకొండల రాళ్ళున్నాయి. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు అది చూసి వచ్చి ఆ రాత్రే ఫోను చేసి, “అన్నయ్యా, ఫణిగిరి ఎక్కడ? మనం ఎప్పుడైనా వెళ్ళామా?” అని అడిగింది. వెళ్ళలేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి ఎన్నోసార్లు వెళ్ళినవాళ్ళలో చాలామంది లోపలి నుంచి గుర్తుంచుకుని వచ్చేది ఈజిప్టు మమ్మీని. అదే 2023 డిసెంబరులో ఆ ప్రదర్శన సియోల్‌లోని కొరియా జాతీయ మ్యూజియానికి వెళ్ళి 2024 ఏప్రిల్ దాకా ఉంది. ఆ సున్నపురాళ్ళు సముద్రాలు దాటి వెళ్ళినప్పుడు వాటిలో ఏమీ మారలేదు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలి, ఏ ఎత్తులో ఉండాలి, ఏ వైపు నుంచి వెలుతురు పడితే చెక్కడం లోతు తెలుస్తుంది, చూసేవాడికి ముందుగా ఏం చెప్పాలి అనే ఆలోచన ఒక్కటే వాటికి కొత్తగా తోడయింది. మా చెల్లెలు కళల గురించి చదువుకున్న మనిషి కాదు. ఫణిగిరి నుంచి వెళ్ళిన తోరణపు దూలం మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టాన్ని ఎవరూ పక్కన నిలబడి చెప్పకుండానే గుర్తుపట్టింది.

డబ్బు మాటకు వస్తాను, ఎందుకంటే ఆ మాట తప్పక వస్తుంది. బయటి నుంచి అరువు తెచ్చే ప్రదర్శనకు రవాణా, బీమా, కాపలా ఖర్చులు నిజంగానే ఎక్కువ. సొంత గిడ్డంగిలోని కాగితపు బొమ్మలను మార్చడానికి కావలసింది ఆమ్లం లేని మౌంటు అట్టలు, మూడు నాలుగు ప్రామాణిక కొలతల్లో చట్రాలు, వెలుతురు కొలిచే చిన్న మీటరు, కిటికీలకు తెరలు. బొమ్మల మౌంట్లన్నీ ఆ మూడు నాలుగు కొలతల్లోనే కోయించి పెట్టుకుంటే, ఉన్న చట్రాల్లోనే పాతవి తీసి కొత్తవి అమర్చవచ్చు. పెద్ద మ్యూజియాల్లో కాగితపు బొమ్మల విభాగాలు పనిచేసే పద్ధతి ఇదే. కష్టమైనది దీనికన్నా ముందున్న పని, అంటే ఏమేం ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో వస్తువు వస్తువుకూ రాసిన రిజిస్టరు. అది లేకుండా బొమ్మను కదిపితే పోయినా తెలియదు కాబట్టే బాధ్యత ఉన్న ఉద్యోగి తాళం తీయడానికి భయపడతాడు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. ప్రదర్శన పెట్టాలనే ఒత్తిడి ఉంటేనే ఆ రిజిస్టరు పూర్తవుతుందని మాత్రం అంటాను.

ఇంకో అభ్యంతరం నాకు కొంత న్యాయంగా తోస్తుంది. ఎక్కడి నుంచో ‘పుష్పాలంకరణ’ చూద్దామని వచ్చినవాడికి అది ఈ మూడు నెలలూ పెట్టెలో ఉందని చెబితే ఎంత బాధ! అందుకని ఊరికి ప్రాణమైన రెండు మూడు చిత్రాలను, అవి తైలవర్ణాలైతే, కదపకుండా ఉంచవచ్చు. కాగితం మీదివైతే ఏ నెలల్లో బయట ఉంటాయో ఏడాది ముందే ప్రకటించాలి. బడి సెలవులు, పుష్కరాలు, సంక్రాంతికి ఊళ్ళకు వచ్చే జనం, వీటిని బట్టి ఆ తేదీలు పెట్టుకోవచ్చు. చీటీల మీద తెలుగు ఉండాలని ప్రత్యేకంగా చెప్పవలసి రావడం విచారకరం. శీర్షిక, సంవత్సరం, మాధ్యమం అని మూడు ముక్కలు రాసి వదిలేయకుండా, ఈ బొమ్మ ఈసారి ఇక్కడ ఎందుకు ఉందో నాలుగు వాక్యాల్లో, ముసలివాళ్ళ కళ్ళకు ఆనే అక్షరాల్లో రాస్తే చాలు.

చూసేవాళ్ళ వైపు నుంచి కూడా కొంత పని ఉంది. కొత్త ప్రదర్శన గురించి వింటే నేను మొదటి రోజు వెళ్ళను, ఆ రోజు బొమ్మల కంటే శాలువాలు ఎక్కువ కనిపిస్తాయి. రెండో వారంలో, పని దినాన, మధ్యాహ్నం దాటాక వెళతాను. గది మొత్తం ఒకసారి ఆగకుండా చుట్టి వచ్చి, ఆ తరువాత రెండు బొమ్మల దగ్గర మాత్రం కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడతాను. చిన్న మ్యూజియంలో ఈ వెసులుబాటు ఉంది, వెనక నుంచి తోసేవాళ్ళు ఉండరు, రామారావు గీసిన మెడ వంపు ముందు అరగంట నిలబడినా ఎవరూ జరగమనరు. వెళ్ళేముందు సందర్శకుల పుస్తకం అడిగి తీసుకుంటాను. అందులో ముందు పేజీలన్నీ ‘చాలా బాగుంది’, ‘వెరీ నైస్’ అనే మాటలతో నిండి ఉంటాయి. నేను అందులో గిడ్డంగిలో ఉన్నవాటిలో ఏవి చూడాలనుకుంటున్నానో పేర్లతో రాసి, అవి ఎప్పుడు బయట పెడతారో తెలియజేయమని కోరుతూ కింద నా చిరునామా రాస్తాను. ఒక చోట నుంచి జవాబు వచ్చింది. దసరా సెలవుల్లో పెడుతున్నామనీ, వీలైతే ఉదయం పూట రమ్మనీ పోస్టు కార్డు రాశారు.